ముగ్గురి నంబరు

రేవు పట్టణంలో లారీలు తూచే కాటా పక్కన ఒక చిన్న గది ఉంది. ఆ గది కప్పు మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కి, ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆకాశానికెత్తి నిలబడింది తక్కెడ. కింద డ్రైవర్లు టీ గ్లాసులతో చేరి ఈ వినోదం చూస్తున్నారు. బస చేసిన హోటలు వాళ్లు ముందే డబ్బు కట్టమన్నారు. కార్డు పెడితే బ్యాంకు ఒక కోడ్ పంపిస్తానంది. ఆ కోడ్ రావలసిన నంబరుకేమో సరిహద్దు దాటగానే మాట పడిపోయింది.

"వాన ఎప్పుడొస్తుందంటమ్మా?" అని అడిగాడు ఒక డ్రైవరు.

"వచ్చే ముందు మీకే చెప్తాలెండి," అంది తక్కెడ, చెయ్యి దించకుండా.

వానా రాలేదు, కోడూ రాలేదు. చివరికి కాటా గుమాస్తా ఫోన్ అడిగి తీసుకుని, ఆఫీసులో లెక్కలు చూసే ఆయన్ని బతిమాలి, ఆయన చేత హోటలుకు కట్టించింది. పని ముగించుకుని తిరిగి వచ్చే బస్సులో కూర్చున్నంతసేపూ ఆ డ్రైవరు మొహమే కళ్లముందు మెదిలింది.

తక్కెడ అన్నది ఆమె అసలు పేరు కాదు. పరాయి దేశంలో కాపురం పెట్టి ఏళ్లు గడిచాయి. లారీల కాటాల నుంచి మందుల దుకాణాల్లో ఉండే బుల్లి త్రాసుల దాకా, అవి సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆమె ఉద్యోగం. నెలకు రెండు మూడు సార్లు ఏదో ఒక పొరుగు దేశానికి బస్సో విమానమో ఎక్కాలి. వెంట ఒక చిన్న పెట్టె. అందులో మెత్తటి గుంటల్లో పడుకోబెట్టిన ఉక్కు తూకపురాళ్లు. వాటిని చేత్తో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు కూడా బరువే. విమానాశ్రయంలో ప్రతిసారీ పెట్టె విప్పి చూపించాలి. "ఏంటివి?" "తూకపురాళ్లు." "దేనికి?" "తూచడానికి." ఈ సంభాషణ ఆమెకు కంఠతా వచ్చు. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒకే గదిలో ఉండే స్నేహితురాళ్లు పెట్టిన పేరు తక్కెడ. అది అలాగే అతుక్కుపోయింది.

ఇంటికి రాగానే భర్త తలుపు తీస్తూ, "నిన్న పొద్దుట్నుంచీ చేస్తున్నాను. స్విచ్చాఫ్, స్విచ్చాఫ్, స్విచ్చాఫ్," అన్నాడు. ఆయన కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించే పని చేస్తాడు. ఓపిక గల మనిషి. ఆ రోజు ఓపిక కొంచెం తక్కువగా ఉంది.

"అక్కడ సిగ్నల్ రాదని మీకు తెలుసు కదండీ."

"తెలుసు. మూడేళ్లుగా తెలుసు. ఎక్కడికెళ్లినా పనిచేసే కంపెనీలు వీధికి నాలుగున్నాయి. ఆ నంబరు నీకేమైనా ఆస్తి రాసిచ్చిందా?"

ఆ వారంలోనే ఫోన్ కంపెనీ నుంచి కూడా ఒక సందేశం వచ్చింది. మీరు వాడుతున్న పాత ప్లాను ఈ నెలాఖరుతో ఆగిపోతుంది, కొత్తది ఎంచుకోండి, లేదంటే నంబరు రద్దవుతుంది అని. ఇక తప్పించుకునే దారి లేదని తక్కెడకు అర్థమయింది. శనివారం నాడు నర్సమ్మను వెంటబెట్టుకుని ఫోన్ దుకాణాల వీధికి బయల్దేరింది.

నర్సమ్మ ఆ ఊళ్లోనే పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తుంది. ఒకప్పుడు ఒకే గదిలో ఉన్న ముగ్గురు స్నేహితురాళ్లలో ఆమె ఒకతె. ఏ కొట్లోకి వెళ్లినా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, ఆ తర్వాతే మాట.

మొదటి దుకాణంలో కుర్రాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అంతా అపరిమితమే అన్నాడు. నర్సమ్మ అతను చెప్పినదంతా విని, "ఇంతకీ ఈ అపరిమితం ఎంతవరకు బాబూ?" అని అడిగింది. అతను తల గోక్కుని, సరిహద్దు వరకు అన్నాడు. రెండో దుకాణంలో ధర తక్కువే గానీ, తక్కెడ వెళ్లే దేశాల్లో సగం వాళ్ల పట్టికలో లేవు. మూడో దుకాణంలో కూర్చున్న అమ్మాయి ధరల కాగితం ముందుకు తోయలేదు. పాస్‌పోర్టు ఉందా అని అడిగి, ముద్రలున్న పేజీలు తిరగేసింది.

"ఎక్కువగా ఈ మూడు దేశాలే వెళ్తున్నారు. అక్కడ దిగగానే పనిచెయ్యాలి. బ్యాంకు మెసేజీలు రావాలి. ఇంట్లో వాళ్లు మామూలు నంబరుకే చేస్తే మీరు ఎత్తగలగాలి. అంతేనా?"

"అంతే," అంది తక్కెడ. తన అవస్థంతా ఎవరో రెండు ముక్కల్లో చెప్పేసరికి ప్రాణం లేచొచ్చింది.

"అయితే మా దగ్గర సరిపోయేది ఉంది. కొత్త నంబరిస్తాను. పది నిమిషాల పని."

"పాత నంబరే కావాలండి."

"దానికేం, అదే మా కంపెనీకి మార్చుకోవచ్చు." ఆ అమ్మాయి నంబరు కొట్టి చూసి, తలెత్తింది. "ఇది మీ పేరు మీద లేదే."

తక్కెడ, నర్సమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి తెలిసి మరచిపోయారు. ఆ నంబరు గదిలో మూడో మనిషి బేకరీ అక్క పేరు మీద ఉంది.

"ఆవిడ సంతకం పెట్టిన కాగితం, గుర్తింపు కార్డు నకలు కావాలి. ఒకసారి వీడియోలో కనబడి సరేనని చెప్పాలి. అప్పుడు మీ పేరుకి మారుస్తాం," అంది ఆ అమ్మాయి. "ఆవిడ ఎక్కడుంటారు?"

అది మాత్రం ఇద్దరికీ తెలియదు.

బయటికి వచ్చాక కాసేపు ఊరికే నడిచారు. నడుస్తూ నడుస్తూ, అనుకోకుండానే పాత వీధిలోకి తిరిగారు. మూలమీద బట్టలుతికే దుకాణం ఇప్పుడు లేదు, దాని చోట పళ్ల డాక్టరు బోర్డు ఉంది. పైన మూడో అంతస్తులో తమ పాత గది కిటికీ మాత్రం అలాగే ఉంది, రంగు మారి.

"ఎంత చిన్న కిటికీ అది," అంది నర్సమ్మ. "అందులోంచి ముగ్గురం సగం సగం బయటికి వేలాడేవాళ్లం."

ముగ్గురూ ఆ గదికి చేరిన కొత్తలో ఫోన్ కనెక్షన్ తీసుకోవాలంటే ఆ దేశపు నివాస కార్డు ఉండాలన్నారు. ఆ కార్డు అందరికంటే ముందు వచ్చిన బేకరీ అక్కకే ఉండేది. అందుకని ఆమె పేరు మీద ఒక సిమ్, ముగ్గురూ కలిసి కొన్న ఒక పాత ఫోన్. గదిలో ఎక్కడ పెట్టినా సిగ్నల్ రాదు, కిటికీ గట్టు మీద తప్ప. కాబట్టి ఫోన్ అక్కడే ఉండేది. గట్టు పక్కనే నర్సమ్మ ట్రంకు పెట్టె. మాట్లాడేవాళ్లు దాని మీద మోకాళ్లు పెట్టి, తల బయటికి పెట్టి మాట్లాడాలి. చలికాలంలో మిగతా ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని, "అమ్మా తల్లీ, తొందరగా ముగించు, ఇక్కడ ఐసయిపోతున్నాం," అని గోలపెట్టేవారు.

గదిలో ఎవరుంటే వాళ్లే ఫోన్ ఎత్తాలన్నది నియమం. అందువల్ల ఎవరి తల్లయినా అందరికీ తల్లయింది. నర్సమ్మ వాళ్లమ్మ కూతురు డ్యూటీలో ఉందని తెలిసీ ఫోన్ చేసి తక్కెడతో ముచ్చట్లు పెట్టుకునేది. ఒకసారి నర్సమ్మకు సంబంధం కుదిరి, పెళ్లికొడుకు మొదటిసారి మాట్లాడదామని ఫోన్ చేశాడు. చేతులకు పిండితో అప్పుడే పని నుంచి వచ్చిన బేకరీ అక్క, పిండి మిల్లు వాళ్లనుకుని, "ఏమయ్యా, రెండు బస్తాలు తక్కువ పంపించి మళ్లీ ఏ మొహం పెట్టుకుని చేస్తున్నావు?" అని దులిపేసింది. అవతలి మనిషి అంతా విని, "నేను పెళ్లికొడుకునండి," అన్నాడట. ఆ పెళ్లి జరిగింది. ఆయన ఇప్పటికీ బేకరీ అక్క పేరెత్తితే, బస్తాల బాకీ తీరలేదంటాడు.

అన్నిటికంటే ఎక్కువగా ఆ ఫోన్ మోగింది చిట్టి వల్లే. చిట్టి బేకరీ అక్క కూతురు. తండ్రి పోయాక రెండేళ్ల పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి అక్క ఇంత దూరం వచ్చింది. పిల్లకు మాటలు ఫోన్లోనే వచ్చాయి. అక్క తెల్లవారకముందే పనికి వెళ్లి, మధ్యాహ్నం వచ్చి పడుకునేది. సరిగ్గా ఆ వేళకే చిట్టి చేసేది. అక్కను అప్పుడే లేపడానికి మనసొప్పక, తక్కెడ ఎత్తి ఏదో ఒక కథ చెబుతూ ఉండేది. ఏనుగును తూచాలంటే ఎంత తక్కెడ కావాలి, చీమను తూచాలంటే ఎంత కావాలి అని. ఈలోగా అక్క లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చి ఫోన్ లాక్కునేది. అప్పుడిక ఆమె మొహం చూడాలి. ఆ కాసేపు ఆమెకు చలీ తెలియదు, అలసటా తెలియదు.

తర్వాత నర్సమ్మ పెళ్లయి వెళ్లింది. తక్కెడకూ పెళ్లయింది. అక్కకు పక్క దేశంలో మంచి పని దొరికి, "నంబరు మీరే ఉంచుకోండే, నాకక్కడ పనికిరాదు," అని వెళ్లిపోయింది. మొదట్లో వారం వారం మాట్లాడుకున్నారు. తర్వాత ఎప్పుడైనా. ఆ తర్వాత ఆమె నంబరు మారిందో, ఏమయిందో, ఫోన్ కలవలేదు. మనుషులు దూరమవడానికి పోట్లాటే అక్కర్లేదు, పని చాలు. తక్కెడ మాత్రం ఆ సిమ్ వదల్లేదు. కొత్త ఫోన్లు కొన్నప్పుడల్లా అదే వేసుకుంది.

"బేకరీకి వెళ్లి చూద్దామా?" అంది నర్సమ్మ ఆ కిటికీ కేసి చూస్తూనే.

బేకరీ చేతులు మారింది, గాజు అల్మరాలు వచ్చాయి. కానీ వెనక పిండి కలిపే ముసలాయన పాతవాడే. నర్సమ్మను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అక్కతో అప్పుడప్పుడు మాట్లాడుతుంటాడట. పక్క దేశంలోనే, ఒక బస్సు డిపోలో కాంటీన్ నడుపుతోందని చెప్పి, నంబరిచ్చాడు. ఇంత సులువా అని ఇద్దరికీ సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారి ఇటు వచ్చి ఉంటే సరిపోయేది.

బేకరీ ముందున్న బల్ల మీదే కూర్చుని తక్కెడ ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. తర్వాత ఎత్తారు గానీ మాట రాలేదు.

"అక్కా, నేను. తక్కెడని."

"నా నంబరు నాకే ఫోన్ చేస్తోందేంటా అని చూస్తున్నానే," అంది అవతలి గొంతు. కొంచెం బరువెక్కింది గానీ అదే గొంతు. "ఇంకా బతికే ఉందా అది?"

"ఉందక్కా. నీ పేరు మీదే ఉంది. అదే తంటా."

నర్సమ్మ ఫోన్ లాక్కుని, "అక్కా, మా ఆయన రెండు బస్తాలు పంపించమన్నారు," అంది. అవతల అక్క నవ్వి నవ్వి దగ్గింది. కాసేపు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, ఎవరికీ ఏమీ వినబడలేదు. చివరికి తక్కెడ, "చిట్టి ఎలా ఉందక్కా?" అని అడిగింది.

"బాగానే ఉంది. నా దగ్గరే ఉంటోంది ఇప్పుడు. అమ్మ పోయాక తెచ్చుకున్నాను," అంది అక్క. "కాగితం సంగతేదో అన్నావు, ఎప్పుడొస్తావు?" అని మాట మార్చేసింది.

తక్కెడ తర్వాతి వారం ధాన్యం గిడ్డంగుల కాటాలు చూడడానికి ఆ దేశమే వెళ్లాలి. పని ఒక రోజు ముందే ముగించుకుని, డిపోకి బస్సెక్కింది.

కాంటీన్ డిపో గోడకు ఆనుకుని ఉంది. రేకుల కప్పు, పొడవాటి బల్లలు, వెనక పొయ్యిలో కాలుతున్న రొట్టెల వాసన. అక్క జుట్టు సగం నెరిసింది. తక్కెడను గుమ్మంలో చూసి, చేతిలో జల్లెడ పక్కన పెట్టి, వచ్చి కావలించుకుంది. తక్కెడ నీలం కోటు మీద రెండు తెల్లటి చేతుల అచ్చులు పడ్డాయి.

"మొత్తం పాడుచేశాను."

"పర్లేదక్కా. ఈ బరువు నా రాళ్లు కూడా తూచలేవు."

కాగితం మీద అక్క అక్కడికక్కడే సంతకం చేసింది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక టీ పోసి తెచ్చి, ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. మూల బల్ల దగ్గర చెవుల్లో తీగలు పెట్టుకుని పుస్తకం ముందేసుకున్న అమ్మాయిని కళ్లతోనే చూపించింది.

"అదే చిట్టి. ఇప్పటికి రెండేళ్లయింది నా దగ్గరికొచ్చి. నాతో మాట్లాడదే."

"కోపమా?"

"కోపమైతే తిట్టేది కదా. తిట్టదు. చెప్పిన పని చేస్తుంది. అన్నం తింటావా అంటే ఊ, చదువుకున్నావా అంటే ఊ. విమానం దిగిన రోజు నా కాళ్ల నుంచి తల దాకా చూసింది, ఎవరో కొత్తావిడని చూసినట్టు. ఫోన్లో ఎంత వాగేది. పలకరిస్తే ఇల్లెగిరిపోయేది. ఆ పిల్ల ఎటుపోయిందో నాకు తెలీదు. ఫోన్లో పిల్ల వేరు, ఇంటికొచ్చిన పిల్ల వేరు." అక్క టీ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పింది. "మీ నంబరు నాకు నిద్దట్లో లేపినా వచ్చు. చెయ్యాలనిపించేది. చేస్తే ముందు దాని గురించే అడుగుతారు. ఏమని చెప్పను?"

ఓదార్పు మాటలు తక్కెడకు ఎప్పుడూ సరిగ్గా రావు. ఊరికే అక్క చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఎవరో పిలిస్తే అక్క లేచి వెనక్కి వెళ్లింది.

చిట్టి ఖాళీ గ్లాసులు తీయడానికి వచ్చింది. పొడుగ్గా, తల్లి నుదురుతో, ఎవరి వంకా చూడని కళ్లతో. తక్కెడ తన గ్లాసు మీద చెయ్యి పెట్టి, "ఉండమ్మా, ఇంకో గుక్క ఉంది," అంది.

చిట్టి చెయ్యి ఆగింది. చెవిలో తీగ ఒకటి తీసేసింది.

"ఇంకోసారి చెప్పండి," అంది.

"ఏం చెప్పమంటావు?"

"ఏదైనా." ఆ పిల్ల కళ్లు మొదటిసారి తిన్నగా చూశాయి. "మీరు తక్కెడ పిన్ని కదా?"

"అవునే. ఎలా తెలిసింది? నువ్వు నన్ను చూడనేలేదే."

"గొంతు," అంది చిట్టి. నిలబడే ఉంది, గ్లాసులు చేతిలోనే ఉన్నాయి. తర్వాత అడిగిన ప్రశ్న తక్కెడ ఏమాత్రం అనుకోనిది. "పిన్నీ, ఆ గదిలో రైలు ఎందుకు వచ్చేది?"

"రైలా?"

"అమ్మ మాట్లాడుతుంటే వెనకాల ఎప్పుడూ రైలు చప్పుడు. డుగుడుగుడుగుమని. కాసేపు ఆగి మళ్లీ. అమ్మ రైల్వే స్టేషన్లో ఉంటుందని అందరికీ చెప్పేదాన్ని. స్కూల్లో కూడా చెప్పాను. బొమ్మ కూడా వేశాను."

తక్కెడ నవ్వు ఆపుకోలేకపోయింది. "అది రైలు కాదే పిచ్చి పిల్లా. కింద బట్టలుతికే దుకాణం. పది మిషన్లు ఒకేసారి తిరిగేవి. మంచాలు కూడా కదిలేవి."

"బట్టల మిషన్లా," అంది చిట్టి నెమ్మదిగా. ఎదురు కుర్చీలో కూర్చుంది. "మరి కీచుమనేది ఏంటి? అమ్మ 'ఉండు తల్లీ' అనగానే కీచుమనేది."

"అది ట్రంకు పెట్టె. మీ అమ్మ దాని మీద మోకాళ్లు మార్చుకునేది."

"పెట్టె మీద ఎందుకు?"

చెబితే అర్థమయ్యేది కాదు. తక్కెడ బల్ల మీదున్న వస్తువులన్నీ దగ్గరికి లాక్కుంది. చక్కెర డబ్బా తలుపు, మూడు చెంచాలు మూడు మంచాలు, ఉప్పు సీసా పొయ్యి, అగ్గిపెట్టె ట్రంకు పెట్టె. కిటికీ కోసం తన ఫోన్ నిలబెట్టింది. చిట్టి మోచేతులు బల్ల మీద ఆనించి, ఆ గదిలోకి వంగి చూసింది.

"అమ్మ మంచం ఏది?"

"ఇది. తలుపు దగ్గర. తెల్లారకముందే పోవాలి కదా, మమ్మల్ని లేపకుండా."

"కిటికీ అటు కాదే," అంది వెనక నుంచి అక్క. ఎప్పుడు వచ్చిందో, చేతి గుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉంది. వంగి, ఫోన్‌ను ఇవతలికి జరిపి పెట్టింది. "ఇటు. వీధి వైపు. అటు పెడితే గోడ కనబడుతుంది."

చిట్టి తలెత్తలేదు. బల్ల వైపే చూస్తూ అడిగింది. "నేను పెట్టేశాక నువ్వేం చేసేదానివి?"

ఆ మాట తననే అడిగిందని అర్థం కావడానికి అక్కకు కాసేపు పట్టింది.

"ఏం చేస్తాను. అలాగే పట్టుకుని కూర్చునేదాన్ని. వీళ్లిద్దరూ కిటికీ వెయ్యమని అరిచేదాకా."

"నేను కూడా," అంది చిట్టి. "అమ్మమ్మ లాక్కునేది. పెట్టేసిందే, ఇంకేం వింటున్నావు అనేది."

అక్క భుజం మీది గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడిచింది, చెంచాల మంచాలు కదలకుండా వాటి చుట్టూ. ఆ పూట తల్లీకూతుళ్లు మాట్లాడుకున్నది అంతే. కానీ తక్కెడ బయల్దేరేటప్పుడు చిట్టి బస్సు దాకా వచ్చింది. ఆమె పెట్టె తనే మోసింది. ఇంత చిన్న పెట్టె ఇంత బరువేంటి పిన్నీ అంది. ఏనుగు తక్కెడ సంగతి గుర్తుందా అని తక్కెడ అడిగితే, చీమది కూడా గుర్తుంది అంది.

తిరిగి వచ్చాక తక్కెడ నర్సమ్మను వెంటబెట్టుకుని మళ్లీ మూడో దుకాణానికి వెళ్లింది. వీడియోలో అక్క మొహం, దాని పక్కన గుర్తింపు కార్డు కనిపించాయి.

"ఈ నంబరు వీరి పేరుకి మార్చడానికి మీకు సమ్మతమేనా?" అని దుకాణం అమ్మాయి అడిగింది.

"సమ్మతమేనమ్మా. ఇది కన్యాదానంలాంటిదే. జాగ్రత్తగా చూసుకోమని చెప్పండి," అంది అక్క. దుకాణంలో తక్కిన వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

అమ్మాయి చెప్పిన ప్లాన్నే తక్కెడ తీసుకుంది. ముందు నర్సమ్మకు అనుమానాలు వచ్చాయి. ఆ మూడు దేశాల్లో నిజంగా పనిచేస్తుందా, చిన్న అక్షరాల్లో ఏముంది, నెల మధ్యలో ఆపుకోవచ్చా అని ఆస్పత్రిలో పిల్లల తల్లులను ప్రశ్నించినట్టే ప్రశ్నించింది. అన్నిటికీ జవాబులు వచ్చాక, "సరే, రాయమ్మా," అంది, అది తన ఫోనే అన్నట్టు.

మార్పు జరిగే రోజు నంబరు కాసేపు చచ్చిపోతుందని ముందే చెప్పారు. తక్కెడ ఆ పూట ఇంట్లోనే ఉంది. పాత సిమ్ తీసి బల్ల మీద పెట్టింది. కొత్తది వేసింది. ఫోన్ పైభాగంలో ఏమీ లేదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. భర్త పేపరు మీది నుంచి చూస్తూ, "నువ్వు అటూ ఇటూ తిరిగితే వాళ్లు తొందరగా చేస్తారా?" అన్నాడు.

"ఒకవేళ కలవకపోతే?"

ఆయన పేపరు మడిచాడు. ఏదో వేళాకోళం చేయబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. "కలుస్తుందిలే," అని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఆ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఒక గీత, తర్వాత మూడు గీతలు వచ్చాయి. వెంటనే మోగింది. తక్కెడ గబుక్కున ఎత్తింది. అప్పు కావాలా మేడమ్ అని ఎవరో అడిగారు.

"ఇదిగో, నీ నంబరు క్షేమంగా చేరింది," అన్నాడు భర్త.

తర్వాతి నెలలో రేవు పట్టణం పని మళ్లీ పడింది. బస్సు సరిహద్దు దాటింది. ఫోన్ ఒకసారి కళ్లు మూసి తెరిచినట్టు చేసి, మరో దేశపు పేరు చూపించి, పనిలో పడింది. హోటల్లో కార్డు పెట్టగానే కోడ్ వచ్చింది. కాటా దగ్గర ఆ డ్రైవరు కనబడలేదు. కప్పెక్కే పని లేదని అతనికి చెప్పాలనిపించింది.

కాటా మీదికి క్రేనుతో పెద్ద తూకపురాళ్లు దించుతుండగా అక్క ఫోన్ చేసింది. వెనకాల మోటార్ల మోత, ఎవరివో కేకలు.

"ఎక్కడున్నావక్కా?"

"బజార్లో. పిండి కొట్టుకి వచ్చాను. నీకొకటి చెప్పాలే." అక్క కాస్త ఊపిరి తీసుకుంది. "చిట్టి ఇంట్లో ఇంకా ఊ, ఆ అనే. కానీ నేను బయటికి అడుగు పెడితే ఫోన్ చేస్తోంది. ఎక్కడిదాకా వచ్చావు, అక్కడేం కనబడుతోంది, ఆ చప్పుడేంటి అని. ఇవాళ స్కూల్లో ఏం జరిగిందో మొత్తం చెప్పింది. టీచరును కూడా తిట్టింది. నేను గుమ్మం ఎక్కేదాకా మాట్లాడుతుంది. తలుపు తీశాక ఇద్దరం మళ్లీ మామూలే."

"నయమే కదక్కా."

"నయమే. నిన్న తలుపు తీశాక కూడా ఒక మాట ఎక్కువ మాట్లాడింది. కాళ్లు నొప్పులా అని." అవతల ఒక బస్సు హారన్ మోగింది, అది దాటిపోయేదాకా ఇద్దరూ ఆగారు. "పిండి కొట్టు మా ఇంటి వెనకే ఉందే. సందులోంచి పోతే నాలుగు అంగలు. నేను మాత్రం వారం నుంచీ పెద్ద రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నాను. ఉండు, అదే చేస్తోంది. పెట్టేస్తున్నాను."